ఫుట్‌పాత్ మీద తోపుడు బండ్లు ఉండాలా, తీసేయాలా?

కాచిగూడ పాదచారి:
మొన్న అమ్మను కోఠిలో బస్‌స్టాపు దాకా నడిపించుకొచ్చాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు. రెండు వందల అడుగుల దూరంలో నాలుగుసార్లు ఫుట్‌పాత్ దిగి ఎక్కాల్సి వచ్చింది. ఒకచోట జామకాయల బండి, ఇంకోచోట నేల మీద పరిచిన చెప్పులు. వీటన్నిటినీ తీసేస్తే తప్ప నడిచేవాడికి దారి లేదు.

ఆదివారం పుస్తకాలు:
నాలుగుసార్లు దిగారు, రెండే చెప్పారు. మిగతా రెండు?

కాచిగూడ పాదచారి:
ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి. బైకుల వరుస ఒకటి. అయితే?

రిటైర్డ్ ఇంజినీర్:
అయితే ఏమిటంటే, జామకాయల బండిని లారీ వచ్చి ఎత్తుకుపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎవరూ ఎత్తుకుపోరు. రోడ్ల ప్రమాణాలు తేల్చే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి. నడిచే పట్టీ కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలి. అంటే రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా వచ్చినా తప్పుకోగలిగినంత. స్తంభాలు, చెట్లు, బండ్లు అన్నీ ఆ పట్టీకి అవతల, రోడ్డు అంచున ఉండాలి. గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. మనవాళ్లు బైకులు ఎక్కకుండా మోకాలెత్తు కడతారు. బైకులు ఎలాగూ ఎక్కుతాయి, ఎక్కలేనిది మీ అమ్మగారే. నా ఉద్యోగకాలంలో నేనూ అలాంటివి కట్టించాను, ఒప్పుకుంటున్నాను.

ఆదివారం పుస్తకాలు:
పైగా 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేయకుండా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఎక్కడ అమ్ముకోవాలో తేల్చే పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. ఆబిడ్స్‌లో ఆదివారం చూడండి. దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు పాత పుస్తకాలు పరుస్తారు. గొంతుక్కూర్చుని ఏరుకునేవాళ్లను దాటుకుంటూ జనం పోతూనే ఉంటారు. ఏ పూట ఎవరిదో తెలిస్తే గొడవే ఉండదు.

కాచిగూడ పాదచారి:
ఆదివారం దుకాణాలుండవు కాబట్టి సరిపోయింది. సోమవారం అదే చోట పరచమనండి చూద్దాం. ఇంజినీర్‌గారు చెప్పిన 1.8 మీటర్లు వదిలితే బండి ఉన్నా నాకు అభ్యంతరం లేదు. కోఠిలో ఫుట్‌పాత్ మొత్తం కలిపినా అంత వెడల్పు లేనిచోట ఏం చేస్తారో చెప్పండి ముందు.

రిటైర్డ్ ఇంజినీర్:
రోడ్డులో ఒక పార్కింగ్ వరుస తీసి ఫుట్‌పాత్‌కు కలపాలి.

కాచిగూడ పాదచారి:
దుకాణదారులు ఒప్పుకున్నట్టే! అన్నట్టు, ఆ బండి దగ్గర అమ్మ కిలో జామకాయలు కొనిపించింది.