అప్‌డేట్: పాత వ్యాగన్ ఆర్‌లో ముందు ఎడమ చక్రం దగ్గర టకటక, సంగతి తేలింది

పోయిన నెల ఇక్కడే అడిగాను. 2009 వ్యాగన్ ఆర్, స్పీడ్ బ్రేకర్ దిగితే చాలు ముందు ఎడమ వైపు టకటక. ఒక షెడ్డులో నాలుగు షాక్ అబ్జార్బర్లూ మార్చాలి, 16,000 అవుతుందన్నారు. తక్కువ ధరలో ఏవి కొనాలని నా ప్రశ్న.

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "ముందు బుష్‌లు చూపించు తమ్ముడూ, షాక్‌ల సంగతి తర్వాత" అన్న అన్నకు చాయ్ బాకీ ఉన్నాను. (బుష్ అంటే చక్రం దగ్గరి కీళ్లలో ఉండే రబ్బరు తొడుగు.)

హన్మకొండలో ఇంకో మెకానిక్ బండి లేపి, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి అడుగు భాగానికి కలిపే ఇనుప చేయి) సందులో రాడ్డు పెట్టి కదిలించాడు. బుష్ రబ్బరు నిలువునా చీలి ఉంది. స్ట్రట్ (ముందు చక్రం దగ్గర షాక్, స్ప్రింగు కలిసి ఉండే భాగం) పైన ఉండే మౌంట్ రబ్బరు కూడా కుంగింది. షాక్‌లకు ఆయిల్ లీకు లేదు, వాటిని ముట్టుకోలేదు.

బుష్‌లు, మౌంట్‌లు రెండు వైపులా కొత్తవి వేయించాను. స్క్రాప్‌లో సగం ధరకే దొరుకుతాయని ఒకరు చెప్పారు గానీ, వాడేసిన రబ్బరుకు డబ్బు పెట్టబుద్ధి కాలేదు. కంపెనీవే కొన్నాను. కూలీ, వీల్ అలైన్‌మెంట్‌తో కలిపి 5,400.

ఒక్క మాట: ఆర్మ్ బోల్టుల చివరి బిగింపు బండిని కిందికి దించి, బరువు చక్రాల మీద పడ్డాకే చేయించండి. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బుష్ మెలిపడి తొందరగా చీలుతుంది.

స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను మళ్లించే భాగం) వల్లనో, టైర్లలో గాలి వల్లనో చప్పుడు వస్తోందన్న అనుమానాలు రెండూ తప్పే. నర్సంపేటకు రెండుసార్లు వెళ్లొచ్చాను, చప్పుడు లేదు. డాష్‌బోర్డు కిరకిర మాత్రం అలాగే ఉంది, అది వేరే కథ.