అప్‌డేట్: పై పోర్షన్ అద్దెకిచ్చి ఏడాది కావస్తోంది

మేముండే ఇంట్లోనే పై పోర్షన్ అద్దెకిస్తే లోన్ వాయిదా గట్టెక్కుతుందా అని అప్పట్లో అడిగాను కదా. ఇచ్చేశాం. వాళ్లు దిగి 11 నెలలైంది.

అద్దె వాయిదా మొత్తానికీ సరిపోతుందన్న నా లెక్క తప్పింది. వాళ్లు దిగకముందు 2 నెలలు ఖాళీగానే ఉంది. తర్వాత బాత్రూం లీకేజీ. అన్నీ పోను వాయిదాలో సగం పైచిలుకు వస్తోంది. ఏడాదికి 12 నెలల అద్దె లెక్కేసుకోవద్దని మీలో ఒకరు చెప్పారు, నేనే వినలేదు.

అసలు తలనొప్పి కరెంటు దగ్గర వచ్చింది. మీటరు ఒక్కటే కదా, బిల్లు చెరిసగం అనుకున్నాం. మూడో నెలలో పైన అద్దెకున్నాయన బిల్లు పట్టుకుని కిందికొచ్చి, "పగలంతా మేం ఇంట్లోనే ఉండమండీ, సగం ఎలా అవుతుంది?" అన్నారు. ఆయన అన్నదీ నిజమే. పైవాళ్ల వాడకం విడిగా తెలిసేలా పైకి సబ్‌మీటరు పెట్టించాం. ఇప్పుడు నెలనెలా ఇద్దరం కలిసే రీడింగ్ చూసి, ఫోన్‌లో ఫొటో తీసుకుంటాం. నీళ్ల మోటారు మాత్రం మా లెక్కలోనే పడుతోంది. మా ఆవిడ ఇంకా సణుగుతూనే ఉంది.

లోన్ ఇచ్చినవాళ్లకీ ఇన్సూరెన్స్ వాళ్లకీ అద్దెకిస్తున్నామని ముందే రాసిచ్చాం, ఆ టెన్షన్ లేదు. పై పోర్షన్ రిపేర్ల రసీదులు మాత్రం విడిగా దాస్తున్నాను.

మెట్లు బయటినుంచి ఉండటం మా అదృష్టం. రాత్రి ఎవరు ఎప్పుడొచ్చినా మాకు తెలియదు.

అగ్రిమెంట్ వచ్చే నెలతో అయిపోతుంది. వాళ్లు ఉంటామనే అంటున్నారు. అద్దె పెంచుదామని ఆవిడ, వద్దని నేను.