కనుమ కోడి ‘చద్ది చుట్ట’ అవుతుందా?

చంద్రగిరి చెనక్కాయ:
పండగ కోడికూరలో మిగిలిన తునకలను చల్లగానే సన్నగా చీల్చి, పుదీనా, కీరదోస, క్యారెట్‌తో కలిపి, పల్చటి బియ్యప్పొరలో చుట్టి తినే వంటకం ఒకటుంది. నూనెలో వేయించేది లేదు, చుట్టాక పొయ్యి ఎక్కించేదీ లేదు. పుట్టిల్లు వియత్నాం. అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్‌కు కాల్చిన టర్కీ కోడి మిగిలినా ఇట్లా చేసుకుంటారు. ఇంగ్లీషులో ఫ్రెష్ స్ప్రింగ్ రోల్. కనుమ కోడితో చేసేదానికి ‘చద్ది చుట్ట’ అని పేరు పెడితే రెండు అభ్యంతరాలు వచ్చాయి. ఒకటి: చుట్ట అంటే పొగ తాగేది. రెండు: చద్ది అనే మాట అన్నానికే గానీ సియ్యకూరకు, అంటే మాంసం కూరకు, అతకదు. నిలుస్తాయా ఇవి?

నగరి సరిహద్దు:
మొదటిది నిలవదు. చుట్టినదేదైనా చుట్టే. తాడు చుట్ట, తీగె చుట్ట, కడవ కిందికి చుట్టకుదురు. పొగాకును చుట్టారు కాబట్టి దానికీ ఆ పేరొచ్చింది. మన చుట్టూ ఉండేవాళ్ళు చుట్టాలు. తమిళంలోనూ బంధువర్గాన్ని ‘సుఱ్ఱం’ అంటారు. అక్కడి ‘ఱ్ఱ’ ఇక్కడ ‘ట్ట’ కావడం రెండు భాషల మధ్య మామూలే: సుఱ్ఱు–చుట్టు, పఱ్ఱు–పట్టు, పుఱ్ఱు–పుట్ట. మా ఊళ్ళో రెండు భాషలూ ఒకే అరుగు మీద కూర్చుంటాయి గనుక ఇది పుస్తకం తెరవకుండానే తెలుస్తుంది. తమిళులు పొగచుట్టను ‘సురుట్టు’ అంటారు, ఇంగ్లీషులోని చెరూట్ దాన్నుంచే పోయింది. వియత్నాం వాళ్ళ పేరు ‘గోయ్ కువోన్’లో కూడా గోయ్ అంటే పచ్చికూరల కలగలుపు, కువోన్ అంటే చుట్టడం. వాళ్ళు చుట్టనే అన్నారు, మనం సిగ్గుపడేదేముంది. పండక్కి చుట్టాలు, మర్నాటికి చుట్టలు.

కుప్పం కోడలు:
మడత అనొచ్చు కదా? రెండు పక్కలూ మడుస్తాం గదా.

నగరి సరిహద్దు:
మడత వేరమ్మా. పూతరేకు మడత. తమలపాకు చిలక మడత. మడిచిన అంచు గీతలాగా నిలబడుతుంది, విప్పితే ఆ గీత కనిపిస్తుంది. ఇక్కడ పక్కలు రెండూ లోపలికి మడిచినా చివరికి దొర్లించేదే అసలు పని. చేసే మనిషి చేతిని అడిగితే ‘చుట్టు’ అనే చెబుతుంది.

పలమనేరు పెద్దాయన:
రెండో అభ్యంతరంలో మాత్రం సరుకుంది. ఇంగ్లీషువాడికి లెఫ్టోవర్ అని ఒకటే మాట. మనకు కనీసం నాలుగు, ఒక్కొక్కటీ వంటింట్లో ఒక్కో తీర్పు.

మిగులు అంటే గిన్నెలోనే ఉండిపోయింది, ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఎంగిలి అంటే ఒకరి విస్తరిలోనో కంచంలోనో ఉండిపోయింది, లేదా ఎవరి నోరో తగిలింది. ఇంకొకరికి పెట్టకూడదు. పాసిపోయినది అంటే వాసన మారింది, జిగట వచ్చింది. అవతల పారబోసేదే. చద్ది ఈ మూడింటిలో ఏదీ కాదు. రేపటికని ముందే అనుకుని ఎత్తిపెట్టింది చద్ది. మిగలడం అనుకోకుండా జరిగేది, చద్ది కట్టడం అనుకుని చేసేది. ‘పెద్దల మాట చద్దిమూట’ అన్న సామెతలో చద్ది బదులు మిగులు పెట్టి చూడండి, పెద్దల పరువు పోతుంది. పోతన భాగవతంలో ఆలమందల వెంట పోయిన గోపబాలకులు కుడిచింది కూడా ఇంట్లో మిగిలిపోయింది కాదు, పొద్దున్నే కట్టుకుపోయిన చల్ది.

మాట పుట్టుక చూస్తే చలిది, చల్ది, చద్ది, మన దిక్కున సద్ది. మూలం చలి. చల్లనిది అనే అర్థమే తప్ప అందులో అన్నమనీ లేదు, పులుపనీ లేదు.

చంద్రగిరి చెనక్కాయ:
అట్లయితే కోడికీ చద్ది అనొచ్చన్నమాట.

పలమనేరు పెద్దాయన:
అనొచ్చు, కానీ షరతు మీద. పండగ రాత్రి ఎత్తిపెడితే చద్ది. పొద్దున గిన్నె మూత తీసి ‘అరె, ఉందే’ అంటే అది మిగులే. దాన్ని చుట్టినా మిగులు చుట్టే.

పుత్తూరు వంటగది:
పెద్దాయన చెప్పిన తేడా మాటలోనే కాదు, రుచిలోనూ తెలుస్తుంది. మిగులు కూరతో చేస్తే ఈ వంటకం చాలావరకు చెడుతుంది. కొబ్బరి, గసగసాలు నూరి పోసిన పులుసులో తునక రాత్రంతా నానితే మసాలా, కొవ్వు పట్టేస్తాయి. వేడిగా ఉన్నప్పుడు ఆ కొవ్వు కమ్మన. చల్లారితే నాలుకకు మందంగా అంటుకుంటుంది, పుదీనా దాని కింద అణిగిపోతుంది.

అందుకని కూర వండేటప్పుడే తీయండి. ఉప్పు, పసుపు, అల్లం వేసి కోడి ఉడికాక, నూరిన మసాలా పడకముందు, ఎముకతో అర కిలో తునకలు పక్కకు తీస్తే ఎముక పోగా సుమారు 300 నుంచి 350 గ్రాముల సియ్య వస్తుంది. పన్నెండు చుట్టలకు సరి, ఒక్కోదానికి 25–30 గ్రాములు. ఎముకలు తీసి, వెడల్పు గిన్నెలో పల్చగా పరిచి, ఆవిరి తగ్గగానే మూత పెట్టి ఫ్రిజ్‌లోకి. ఉడికిన రెండు గంటల లోపల లోపలికి పోవాలి. సంక్రాంతి చలికి రెండు గంటలు. గంగజాతర మే నెలలో, 32 డిగ్రీలు దాటిన ఎండలో, ఒక్క గంటే. లోతు గిన్నెలో కుప్పగా పెడితే పైన చల్లబడినా నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది, చెడేది అక్కడే. ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉంటే మూడు రోజులు ఆగుతుంది.

పులుసులోనిదే వాడక తప్పదంటే, అది కూడా ఆ రాత్రే ఫ్రిజ్‌లో పెట్టినదై ఉండాలి. తునకల్ని పులుసుతో సహా పొగలు వచ్చేదాకా ఎచ్చబెట్టి, బయటికి తీసి, మసాలాను వేళ్ళతో దులిపి, ఎముక తీసి, మళ్ళీ చల్లబెట్టండి. రుచి సగమే.

కుప్పం కోడలు:
సద్దన్నం రాత్రంతా బయటే పెడతాం గదా. కోడికి మాత్రం ఫ్రిజ్ ఎందుకు? పొద్దున ఉడకేస్తే చాలదా?

పుత్తూరు వంటగది:
చాలదు. సద్దన్నంలో నీళ్ళో మజ్జిగో పోస్తాం, రాత్రికి పులుస్తుంది, ఆ పులుపే కొంత కాపు కాస్తుంది. సియ్యకూరకు అట్లాంటి కాపు లేదు. పైగా కొన్ని క్రిములు వదిలిన విషం మళ్ళీ ఉడికించినా పోదు, క్రిములు మాత్రం చస్తాయి. బయట పెట్టిన కోడి పెద్దాయన చెప్పిన నాలుగు మాటల్లో మూడోదాని కిందికి పోతుంది, వాసన రాకున్నా సరే.

ఇంకొకటి. ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉన్న కోడిని ఎచ్చబెడితే అట్టలాంటి ఒక పాత వాసన వస్తుంది. ఉడికిన సియ్యలోని కొవ్వు గాలికి ఆక్సీకరణం చెందడం వల్ల అది, వేడి దాన్ని ఎగదోస్తుంది. చల్లగానే తింటే, నిమ్మరసం, పుదీనా తోడైతే, ఆ వాసన పెద్దగా పైకి రాదు. చద్ది కోడిని చద్దిగానే తినమనడానికి ఇదొక కారణం.

చంద్రగిరి చెనక్కాయ:
పైన చుట్టే పొరకు మాట? రైస్ పేపర్‌ను బియ్యం కాగితం అంటే తినబుద్ధి కావడం లేదు.

నగరి సరిహద్దు:
రేకు. బియ్యపు రేకు. పూతరేకు ఉండనే ఉంది, పువ్వుకు రేకులున్నాయి, తాళ్లపాక వారి సంకీర్తనలు చెక్కినవి రాగిరేకులు. తిరుపతి వాళ్ళకు ఇంతకంటే దగ్గరి మాట దొరకదు.

కుప్పం కోడలు:
రేకు అంటే నాకు రేకుల షెడ్డే గుర్తొస్తుందన్నా.

నగరి సరిహద్దు:
ప్యాకెట్ విప్పగానే అంత గట్టిగానే ఉంటుంది, తప్పేం లేదు.

చంద్రగిరి చెనక్కాయ:
పూతరేకునే వాడితే?

పుత్తూరు వంటగది:
కుదరదు. రెండూ బియ్యానివే గానీ పూతరేకు బోర్లించిన వేడి కుండ మీద క్షణంలో ఎండిన పొర. తడి తగిలితే ముద్ద. వియత్నాం రేకు పిండిని ఆవిరి మీద ఉడికించి, వెదురు తడికల మీద ఎండబెట్టింది. రేకు మీద కనిపించే గళ్ళు ఆ తడికలవే. ఇప్పుడు చాలా రకాల్లో కర్రపెండలం పిండి కలుపుతారు, సాగేది దానివల్ల. 22 సెంటీమీటర్ల రేకు తీసుకోండి, చిన్నవి చేయి తిరిగినవాళ్ళకే.

వెడల్పు పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు. రేకును ముంచి 5 నుంచి 8 సెకన్లు, ఇంకా కొంచెం బిరుసుగా ఉన్నప్పుడే తీసేయాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. నీళ్ళలోనే మెత్తబడేదాకా ఉంచితే బండ మీదికి వచ్చేసరికి బంకై చిరుగుతుంది. తీసిన తర్వాత కూడా అర నిమిషం మెత్తబడుతూనే ఉంటుంది, మీరు లోపలి సరుకు పేర్చే సమయం దానికి చాలు. తడిపిన పీట మీదో ప్లాస్టిక్ పలక మీదో పరచండి. పొడి గుడ్డ మీద వేస్తే గుడ్డతో సహా తినాలి.

మీ వైపు అంచు నుంచి మూడోవంతు దూరంలో, రెండు చివరలా మూడు వేళ్ళ చోటు వదిలి పేర్చాలి. కింద లెట్యూస్ ఆకు ముక్క. లెట్యూస్ దొరకకపోతే కాడ తీసి నిమిషం వేడినీళ్ళలో ముంచిన క్యాబేజీ ఆకు. దాని మీద ఉడికించి చల్లార్చిన బియ్యపు సేమ్యా ఒక చిన్న గుప్పెడు, పన్నెండింటికీ కలిపి ఎండు సేమ్యా 60 గ్రాములు చాలు. తర్వాత క్యారెట్, గింజల భాగం తీసేసిన కీరదోస, అగ్గిపుల్లంత సన్నగా. కోడి, నాలుగు పుదీనా ఆకులు, రెండు కొత్తిమీర రెబ్బలు పైన. జాతర రోజుల్లో అయితే క్యారెట్ బదులు పచ్చి తోతాపురి మామిడి, అప్పుడు నిమ్మరసం మానేయొచ్చు.

దగ్గరి అంచును ఎత్తి సరుకు మీద కప్పి, వేళ్ళతో వెనక్కి లాగి బిగించి, పక్కలు రెండూ లోపలికి మడిచి, ఆ తర్వాత ముందుకు దొర్లించండి. పక్కలు మొదటే మడిస్తే లోపల గాలి చిక్కుతుంది, కొరకగానే విప్పుకుంటుంది.

పలమనేరు పెద్దాయన:
నాటుకోడికి కూడా ఇదేనా?

పుత్తూరు వంటగది:
కాదు. బ్రాయిలర్ కోడిని చేత్తో నార వెంబడి చీల్చవచ్చు. నాటుకోడి నార బిరుసు. అట్లా చీలిస్తే ఒక్క కొరుకుకు చుట్టలోని సియ్యంతా ఊడి నోట్లోకి వస్తుంది. నారకు అడ్డంగా, కత్తితో, అరిసె అంచంత మందం కూడా లేకుండా కోయాలి. కోసాక ఒక చెంచా నిమ్మరసం, చిటికెడు మిరియాల పొడి. ఉప్పు కీరదోసకు వేయొద్దు, నీరు ఊరి రేకు కింది నుంచి చిరుగుతుంది. చిరిగిపోయే ఇంకో కారణం క్యారెట్ మొనలు. వాటిని సేమ్యాకూ కోడికీ మధ్యలో పెడితే రేకుకు గుచ్చుకోవు.

చుట్టినవాటిని ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. తగిలితే విడదీసేటప్పుడు రెండూ చిరుగుతాయి. పైన తడి గుడ్డ. రెండు గంటల లోపల తినేయాలి. చుట్టిన తర్వాత ఫ్రిజ్‌లో పెడితే రేకు గట్టిపడి రబ్బరు అవుతుంది.

చంద్రగిరి చెనక్కాయ:
నంజుకోడానికి?

కుప్పం కోడలు:
ఊరుబిండి! చెనక్కాయల దేశంలో ఈ ప్రశ్నా.

పుత్తూరు వంటగది:
సంగటికి నూరినట్టు గట్టిగా కాదు. వేయించి పొట్టు తీసిన చెనిగ్గింజలు 100 గ్రాములు, వేయించిన ఎండుమిరపకాయలు నాలుగు, వెల్లుల్లి రెండు రెబ్బలు, ఉసిరికాయలో సగమంత చింతపండు, దానంత బెల్లం, ఉప్పు. సుమారు 120 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళతో మెత్తగా రుబ్బండి. పది నిమిషాలకు గింజల పొడి నీళ్ళు పీల్చుకుని గట్టిపడుతుంది. మళ్ళీ రెండు చెంచాల నీళ్ళు పోసి, చుట్టను ముంచి తీస్తే సన్నగా అంటుకునేలా ఉంచండి. వియత్నాంలోనూ వేరుశెనగ కలిపిన ముంచుడు ఉంది, కాబట్టి ఇది మన పైత్యమేమీ కాదు.

నగరి సరిహద్దు:
‘ముంచుడు’ బాగుంది. డిప్‌కు ఇన్నాళ్ళూ మాట దొరకలేదు.

పలమనేరు పెద్దాయన:
దొరకలేదా? నంజు ఉంది కదయ్యా. ఇప్పుడే చెనక్కాయ ‘నంజుకోడానికి’ అని అడిగింది చూడు.

నగరి సరిహద్దు:
నంజుకోవడం వేలితో నాలుకకు తగిలించడం సార్, ఇక్కడ చుట్ట సగం దాకా మునుగుతుంది.

కుప్పం కోడలు:
మీరు తేల్చుకునే లోపల ఒకటి చెప్పండి. పిల్లోడి స్కూలు డబ్బాలోకి పంపొచ్చా?

పుత్తూరు వంటగది:
చుట్టి పంపొద్దు, మధ్యాహ్నానికి రేకు ఒక పక్క ఎండి, ఒక పక్క కరిగి ఉంటుంది. కోడి కూడా అన్ని గంటలు బయట ఉండకూడదు. ఆదివారం పొలం దగ్గరికి పోతున్నారంటే మటుకు వేరే. ఐస్ ప్యాక్ వేసిన డబ్బాలో కోడి, ఇంకో డబ్బాలో కూరగాయలు, సీసాలో ఊరుబిండి, ఎండు రేకులు విడిగా. నీళ్ళు అక్కడే బోరింగు దగ్గర పట్టుకుని, ఎవరిది వాళ్ళు చుట్టుకోవచ్చు.

పలమనేరు పెద్దాయన:
అట్లా కట్టుకుని పోయేదాన్నే చద్దిమూట అంటారు. చెనక్కాయా, పేరు ఖాయం చేసుకో. ముంచుడా, నంజా అన్నది మాత్రం రేపు ఇంకో చర్చలో.