‘ఫర్ హూమ్ ద బెల్ టోల్స్’ క్లైమాక్స్: రాబర్ట్ చేసింది త్యాగమా, మరియా నోరు మూయించడమా?

గోదారిగట్టు:
హెమింగ్వే రాసిన ఈ 1940 నవల మళ్లీ చదివా, ఈసారి క్లైమాక్స్ అస్సలు మింగుడు పడలేదు. చదవనివాళ్లకి రెండు ముక్కల్లో: స్పెయిన్ అంతర్యుద్ధం, 1937 మే చివర్లో సెగోవియా దగ్గర కొండలు, మూడ్రోజుల కథ. ఫాసిస్టుల మీద రిపబ్లిక్ ప్రభుత్వం వైపు పోరాడటానికొచ్చిన అమెరికన్ లెక్చరర్ రాబర్ట్ జోర్డాన్ రిపబ్లిక్ సైన్యం దాడి మొదలవగానే ఒక వంతెన పేల్చాలి, గుహలో ఉండే గెరిల్లాలతో కలుస్తాడు, అక్కడ మరియాతో ప్రేమ. ఆ పిల్లకి పంతొమ్మిదేళ్లు. అమ్మానాన్నల్ని కళ్లముందే కాల్చేశారు, ఫాసిస్టులు తనకి గుండు గీసి రేప్ చేశారు. చివర్లో రాబర్ట్ గుర్రం తనమీదే పడి కాలు విరుగుతుంది, మరియా ఇక్కడే ఉంటానంటుంది, ఈయనేమో నువ్వెళ్తే నేనూ వచ్చినట్టే, ఇకనుంచి మనిద్దరం నువ్వే అని ఏదేదో చెప్పి పంపేస్తాడు. గుర్రం ఎక్కించాక కూడా వెనక్కి తిరిగి ఉండనివ్వు అని అరుస్తుంది పాపం. అందరూ త్యాగం త్యాగం అంటారేంటో, తన గురించి తను నిర్ణయించుకునే హక్కు ఆ అమ్మాయికి లేదా?

మిర్చిబజ్జీ:
కాలు విరిగి ఎముక లోపల్నుంచి చర్మాన్ని పొడుస్తోంది, వెనక నుంచి శత్రువుల గుర్రపు దళం వస్తోంది, ఆ టైంలో కూర్చుని చర్చించాలా బ్రో? 😂 తనుంటే ఇద్దరూ పోతారు అంతే. ప్రేమించినోడు ఎవడైనా అదే చేస్తాడు.

గోదారిగట్టు:
పంపడం తప్పనట్లేదండీ, పంపిన పద్ధతి. మరియా దగ్గర ఎప్పుడూ ఒక బ్లేడు ఉంటుంది గుర్తుందా? మళ్లీ వాళ్ల చేతికి చిక్కితే చెవి కింద ఎక్కడ కోసుకోవాలో గెరిల్లా ముఠాని నడిపే పిలార్ నేర్పింది. చావు గురించి అంత ఆలోచించి పెట్టుకున్న మనిషితో చిన్నపిల్లని బుజ్జగించినట్టు మాట్లాడతాడేంటి?

కృష్ణవేణి_చదువు:
మీరు చెప్పింది సగం ఒప్పుకుంటా. ఆ బ్లేడు విషయం వల్లే నాకు వేరేగా అనిపిస్తుంది, ఆ పిల్లని చావు వైపు నుంచి బతుకు వైపు తిప్పాలంటే వాదిస్తే కుదరదు, ఏదో ఒకటి నమ్మించాలి, అతను నమ్మకపోయినా సరే. వాళ్లు కనుమరుగయ్యాక అతని ఆలోచనలు చదవండి, ఎక్కడా హీరోలా ఉండడు. నొప్పి తట్టుకోలేక కాల్చుకుందామా అనుకుంటాడు, అలా చచ్చిపోయిన వాళ్ల నాన్న గుర్తొస్తాడు, అలా చేయకూడదని పళ్లబిగువున ఆగుతాడు. ముఠాలోని అగస్టిన్ నేను కాల్చనా అని అడిగితే కూడా వద్దంటాడు. ఇది గొప్ప కోసం చేసే పనా చెప్పండి.

పాతపుస్తకాలకొట్టు:
మీరంతా మరియా దగ్గరే ఆగిపోయారు, నన్నడిగితే ఈ నవల్లో అసలు త్యాగం రాబర్ట్‌కి దారి చూపించే ముసలాయన ఆన్సెల్మోది. మనుషుల్ని చంపడం పాపం అని నమ్మే మనిషి, అయినా చెప్పిన చోటు వదలకుండా మంచులో కూర్చుని రోడ్డు మీద వెళ్లే ట్రక్కులూ కార్లూ కాగితం మీద గీతలు పెట్టి లెక్కేస్తాడు. ముఠా పాత నాయకుడు పాబ్లో రాత్రికి రాత్రి డిటొనేటర్లు కొట్టేసి లోయలో పడేయబట్టి గ్రెనేడ్లకి వైరు కట్టి పేల్చాల్సొస్తుంది, ఆ వంతెన ముక్క తగిలి ఆన్సెల్మో పోతాడు. పోనీ వంతెన వల్ల ఏమైనా ఒరిగిందా అంటే అదీ లేదు, శత్రువుకి రిపబ్లిక్ దాడి సంగతి ముందే తెలిసిపోయింది, ఆపమని రాబర్ట్ పంపిన చీటీ చెక్‌పోస్టుల్లో, మార్టీ అనే కమిస్సార్ (సైన్యంలో రాజకీయ అధికారి) అనుమానాల్లో ఇరుక్కుని దాడి నడిపే జనరల్ గోల్జ్‌కి చేరేసరికి విమానాలు లేచేశాయి. సొంతవాళ్ల నిర్వాకం వల్ల చచ్చారు వీళ్లంతా. బయట చరిత్రలోనూ ఆ సెగోవియా దాడి ఫెయిలే.

మిర్చిబజ్జీ:
అన్నా అలా అయితే పాబ్లోని కూడా వేసుకోవాలి, డిటొనేటర్లు పారేసినోడే మళ్లీ మనుషుల్నీ గుర్రాల్నీ తీసుకొచ్చాడు, తర్వాత గుర్రాలు చాలవని ఆ వచ్చినవాళ్లనే చంపాడు 🤦 ఆ గుర్రాల మీదే కదా మరియా బయటపడింది.

గోదారిగట్టు:
అదే నేననేది! ఆ పాబ్లో, పిలార్ మధ్యలో పెట్టే తీసుకెళ్లారు తనని. వంతెన పేలాక అంతమందిని చంపినోడి చేతిలో పెట్టి నేను నీలోనే ఉన్నా అంటే సరిపోతుందా. కృష్ణవేణి గారూ, నమ్మించాలి అన్నారు కదా, తర్వాత రోజు పొద్దున వాళ్లు పారిపోయే గ్రెడోస్ కొండల్లో ఆ నమ్మకం ఎన్నాళ్లు నిలబడుద్ది? హెమింగ్వే అది రాయలేదు, రాబర్ట్ దగ్గరే ఆపేశాడు.

కృష్ణవేణి_చదువు:
పిలార్ ఉంది కదండీ పక్కన. ఆవిడుండగా మరియా దిక్కులేనిది ఎలా అవుతుంది? మీ కోపం రాబర్ట్ మీద కాదు, హెమింగ్వే మీద అనుకుంటా, అందులో మాత్రం నేను మీతోనే.

పాతపుస్తకాలకొట్టు:
ఆన్సెల్మో గురించి ఒక్కరూ మాట్లాడరే!