హైదరాబాద్ ఎండకు, బోరు నీళ్లకు కార్నౌబా వ్యాక్స్ ఆగుతుందా, సిరామిక్ వేయించాల్సిందేనా?

నల్ల బండి, మియాపూర్:
కొత్త కారు, నలుపు రంగు. రంగు మీద గట్టి పారదర్శక పొరలా వేసే సిరామిక్ కోటింగ్‌కి పాతిక వేలు చెబుతున్నారు. మా బావగారేమో కార్నౌబా వ్యాక్స్ అనే మైనం డబ్బా ఒకటి కొనుక్కుని నెలకోసారి చేత్తో పట్టించుకుంటే చాలంటారు. బండి కానుగ చెట్టు కింద, ఆరుబయటే ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లే. వాడినవాళ్లు చెప్పండి.

తెల్ల ఎస్‌యూవీ, నార్సింగి:
సిరామిక్ వేయించెయ్ బ్రో. మే నెల మధ్యాహ్నం నల్ల బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు, నిమిషం ఉంచలేవు. ఆ వేడికి మైనం కరిగిపోతుంది. కోకాపేట, తెల్లాపూర్ వైపు తిరిగామంటే సిమెంటు దుమ్ము సరేసరి. సిరామిక్ ఉంటే నీళ్లు కొట్టగానే చాలావరకు పోతుంది. నెలనెలా కూర్చుని రుద్దే తీరిక ఎవరికుంది?

పాత స్విఫ్ట్, సీతాఫల్‌మండి:
కరిగిపోతదనుడు కరెక్ట్ కాదన్నా. కార్నౌబా ఈశాన్య బ్రెజిల్‌ల పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీదికెళ్లి తీసే మైనం. అక్కడి ఎండకు ఆకుల తడి ఆరిపోకుండ చెట్టు తనంత తానే పెట్టుకునే పూత అది. కరగాలంటే 82 నుంచి 86 డిగ్రీలు గావాలె. తేనెమైనమైతే 62, 64కే కరుగుతది. గందుకే కార్లకు దీన్ని ఏరుకున్నరు. నా స్విఫ్ట్ ముదురు నీలం, ఇప్పటికీ దాని మీద మెరుపు చూస్తే కొత్త బండి అనుకుంటరు. ఆ లోతు సిరామిక్‌కు రాదు.

డిటైలింగ్ పని, బోడుప్పల్:
రెండూ చేస్తాను కాబట్టి ఏ ఒక్కదాన్నీ వెనకేసుకురావాల్సిన పని నాకు లేదు. స్విఫ్ట్ అన్న చెప్పిన డిగ్రీలు నిజమే, కానీ అవి అచ్చమైన కార్నౌబాకి. డబ్బాలో దొరికేది నూనెలు, సాల్వెంట్లు, వేరే మైనాలు కలిపిన ముద్ద. అచ్చమైన కార్నౌబా రాయిలా గట్టిగా ఉంటుంది, చేత్తో పూయలేం. అందుకే ఆరుబయట నిలిపే బండి మీద వ్యాక్స్ నెల, నెలన్నర కంటే గట్టిగా నిలవదు.

అయితే మీరిద్దరూ వేడి గురించే వాదిస్తున్నారు. మా దగ్గరికి వచ్చే బండ్లలో వేడికి పాడైనవి తక్కువ. ఎక్కువ శాతం రెండు రోగాలే. ఒకటి, ఎండలో చూస్తే సాలెగూడులా కనిపించే సన్నగీతలు. పొద్దున్నే సగం బకెట్ నీళ్లతో, ఒకే గుడ్డతో పది కార్లు తుడిచేస్తారు కదా, దుమ్మంతా ఆ గుడ్డలోనే ఉంటుంది. రంగు మీద ఉండే క్లియర్ కోట్ మందం సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే ఏ4 కాగితంలో సగం. గీతలు పడ్డాయని రోడ్డు పక్క మెషీన్‌తో రబ్బింగ్ చేయించిన ప్రతిసారీ అది ఇంకాస్త అరుగుతుంది. అరిగింది మళ్లీ రాదు. కొత్త బండ్లకు కూడా రబ్బింగ్ చేయించేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

రెండోది బోరు నీళ్ల మరకలు. కాల్షియం, మెగ్నీషియం ఉన్న నీటిబొట్టు ఎండలో ఆరిపోతే తెల్లటి వలయం మిగులుతుంది, వదిలేస్తే క్లియర్ కోట్‌ని తినేస్తుంది. సిరామిక్ దీన్ని ఆపదు. దాని మీద నీళ్లు బొట్లుబొట్లుగా నిలుస్తాయి, ఆరితే ఆ వలయాలే సిరామిక్ మీద పడతాయి. ముదిరితే పాలిష్ చేయాలి, అక్కడ కోటింగ్ పోయినట్టే. ప్రకటనల్లో సిరామిక్ గట్టిదనానికి చెప్పే 9హెచ్ అన్నది పెన్సిల్‌తో గీసి చూసే పరీక్ష కొలత. రాయి తగిలినా ఏమీ కాదని దానర్థం కాదు.

మియాపూర్ సోదరుడికి నా మాట: పాలిమర్ సీలెంట్ వాడండి, అంటే చెట్టు మైనానికి బదులు కృత్రిమ పాలిమర్లతో చేసిన పూత. ఒకసారి పట్టిస్తే నాలుగైదు నెలలు ఉంటుంది. వేసవి ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి. నలుపు మీద ఆ తడిమెరుపు కావాలంటే దాని మీద కార్నౌబా వేసుకోవచ్చు. ముందు వ్యాక్స్, పైన సీలెంట్ మాత్రం వద్దు, సీలెంట్ శుభ్రమైన పెయింట్‌నే పట్టుకుంటుంది.

తెల్ల ఎస్‌యూవీ, నార్సింగి:
మా సెల్లార్‌లో నీడ ఉంది, నల్లా నీళ్లొస్తాయి. నాకైతే సిరామిక్ బాగానే పనిచేస్తోంది.

డిటైలింగ్ పని, బోడుప్పల్:
మీకు అదే సరైంది సార్. నీడ, మంజీర నీళ్లు ఉన్నవాళ్లకి నేనూ సిరామిక్కే చెబుతాను.

చిన్న కారు, దిల్‌సుఖ్‌నగర్:
అన్నా, రోజూ తుడిచే అతన్ని మాన్పించమంటారా? మా కార్లు తుడిచి ఇల్లు నడుపుకుంటున్నాడు.

డిటైలింగ్ పని, బోడుప్పల్:
మాన్పించొద్దమ్మా. అదే జీతానికి వారానికి రెండుసార్లు కడగమనండి. రెండు బకెట్లు, షాంపూ, రెండు మైక్రోఫైబర్ గుడ్డలు మీరే కొనివ్వండి. ముందు నీళ్లు కొట్టి దుమ్ము దించాక, పైకప్పు నుంచి కిందికి కడగాలి. కడగగానే తుడిచి ఆరబెట్టాలి, బోరు నీళ్లకు ఇది మరీ ముఖ్యం. గిన్నెలు తోమే సబ్బు వాడితే వేసిన వ్యాక్స్ ఊడిపోతుంది.

నల్ల బండి, మియాపూర్:
సీలెంటే వేస్తానన్నా. పట్టించే పద్ధతి కూడా చెప్పండి. కానుగ జిగురు, పిట్టల రెట్టలు ఇప్పటికే పడుతున్నాయి.

డిటైలింగ్ పని, బోడుప్పల్:
రెట్టలో ఆమ్లం ఉంటుంది, ఎండ పడేలోపే తీసేయాలి. గోకొద్దు, తడిగుడ్డ కాసేపు దాని మీద పరిచి, నానాక ఎత్తేయండి. జిగురుకూ అంతే.

పట్టించే రోజు బండి కడిగి ఆరబెట్టాక, చేతికి పల్చటి పాలిథిన్ కవర్ తొడుక్కుని బానెట్ నిమరండి. గరగరలాడితే క్లే బార్‌తో (అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకముద్ద), దాని ద్రవం బాగా చల్లుతూ, నొక్కకుండా తీయాలి. క్లే కింద పడితే మళ్లీ వాడొద్దు. పొద్దున ఎండెక్కకముందే, బానెట్ చల్లగా ఉన్నప్పుడు, ఫోమ్ ప్యాడ్‌తో ఒక్కో ప్యానెల్‌కీ కనిపించీ కనిపించనంత పల్చగా పూయండి. మందంగా పూస్తే ఎక్కువ రోజులేమీ ఆగదు, తుడవలేక చేతులు నొప్పెడతాయి. పొరలా తెల్లబడ్డాక వేలితో గీసి చూడండి, శుభ్రంగా వస్తే మెత్తటి మైక్రోఫైబర్‌తో తుడిచేయొచ్చు. ఎంతసేపు తడి తగలకూడదో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ రాత్రికి చెట్టు కింద పెట్టకండి.

పాత స్విఫ్ట్, సీతాఫల్‌మండి:
బంపర్ కింద నల్ల ప్లాస్టిక్‌కు మాస్కింగ్ టేప్ ఎయ్యి తమ్మీ. దానికి వ్యాక్స్ తగిలి ఎండిందంటే తెల్లమచ్చలు పడ్తయ్, మామూలుగ కడిగితే పోవు.