సియోల్ వరల్డ్ కప్ పార్కులో కొండ మీదికి దారి ఎటు?

సువాన్_సిరి:
పొద్దున్నుంచి దీంతోనే సరిపోయింది. వరల్డ్ కప్ పార్క్ అని కొడితే స్టేడియం పక్కన చెరువు, చదునైన గడ్డి చూపిస్తోంది. నాకు కావాల్సింది ఆ కొండ, పైనుంచి హాన్ నది, ఊరంతా కనిపిస్తుంది చూడండి, అది. గూగుల్‌లో నడక దారి రావట్లేదు. ఏదో కరెంటు బండి ఉందంటున్నారు, ఎక్కడ ఎక్కాలో ఎవరూ రాయరు. శనివారం వెళ్ళాలి, ఎవరైనా సూటిగా చెప్పండి ప్లీజ్.

నేవర్_వాడండి:
ఏ పార్కు? వరల్డ్ కప్ పార్కు పేరు కింద ఐదున్నాయి.

సువాన్_సిరి:
వరల్డ్ కప్ పార్కే అండి, చెత్త మీద కట్టింది.

మట్టి_మనిషి:
చెత్త మీద కట్టింది అని ఒక్క మాటలో తేల్చేస్తే ఎలాగమ్మా. నంజిదో అని నదిలో ఒక లంక అది. 1978 నుంచి 1993 దాకా సియోల్ చెత్తంతా అక్కడే పోస్తే 90 మీటర్ల పైన రెండు గుట్టలు లేచాయి. ఊరికే మట్టి కప్పి మొక్కలు నాటలేదు. చెత్తలోంచి కారే ఊటనీరు నదిలోకి పోకుండా చుట్టూ భూమిలోకి గోడ దించారు, లోపల చెత్త కుళ్ళి పుట్టే గ్యాస్‌ని బావుల్లోంచి లాగి స్టేడియానికి, పక్క అపార్టుమెంట్లకి వేడి ఇస్తున్నారు. 2002లో పార్కు తెరిచారు. మన హైదరాబాద్ జవహర్‌నగర్ చెత్తగుట్టకీ కప్పు వేశారు గానీ, దాని ఊటనీరు చేరిన మల్కారం చెరువు సంగతేంటి? ఊటనీటిని పట్టుకోకుండా పైన ఎంత పచ్చదనం పెంచినా ఏం లాభం?

సువాన్_సిరి:
సార్, ఇవన్నీ మంచి విషయాలే, నాకు దారి కావాలి.

మాపో_రవి:
సిరి గారూ, మీరడిగేది హనుల్ పార్కు. ఆరో లైన్‌లో వరల్డ్ కప్ స్టేడియం స్టేషన్, ఒకటో ఎగ్జిట్. మీరు చూసిన చెరువున్నది ప్యంగ్‌హ్వా పార్కు, దాన్ని దాటి రోడ్డు మీది నడక వంతెన ఎక్కితే ఎదురుగా కొండ వాలు మీద అటూ ఇటూ తిరుగుతూ పోయే చెక్క మెట్లు. వందల్లో ఉంటాయి. ఎక్కాక పైనంతా బల్లపరుపు, మనిషెత్తు రెల్లుగడ్డి, మధ్యలో గిన్నె ఆకారంలో ఇనుప కట్టడం, దాని మీదికెక్కితే అన్ని వైపులా కనిపిస్తుంది.

హాన్‌గట్టు:
సూర్యాస్తమయానికైతే హనుల్ కాదు, పక్కనున్న నోయుల్ గుట్ట. అది పడమర వైపు.

మాపో_రవి:
ఆవిడ అడిగింది ఊరు కనిపించేది. నంసాన్ టవర్, స్టేడియం హనుల్ నుంచే బాగుంటాయి.

హాన్‌గట్టు:
రెండూ వరల్డ్ కప్ పార్కే కదా, ఆవిడ హనుల్ అని ఎక్కడన్నారు?

సువాన్_సిరి:
గొడవ వద్దండీ, హనులే. కానీ అన్ని మెట్లంటే టెన్షన్‌గా ఉంది, మా అమ్మ ఇండియా నుంచి వచ్చింది, మోకాళ్ళ నొప్పులు.

నేవర్_వాడండి:
అది మొదట చెప్పాలి.

మాపో_రవి:
అమ్మగారుంటే మెట్ల జోలికే వెళ్ళకండి. టాక్సీలో తిన్నగా నంజిచన్ పార్కు పార్కింగ్ దగ్గర దిగండి, బండి అక్కడే ఎక్కాలి. మెంగ్‌కోంగి అని అడగండి, పార్కు కుంటల్లో ఉండే చిన్న కప్ప పేరు, బండికి అదే పెట్టారు. అక్టోబరు రెల్లు పండగ రోజుల్లో క్యూ చాలా ఉంటుంది, పెందరాళే వెళ్ళండి. మామూలు రోజుల్లో చీకటి పడ్డాక కొండ మూసేస్తారు, ఆ వేళ నెలనెలా మారుతుంది, చూసుకుని బయల్దేరండి.

ఇంచన్_కిరణ్:
వాసన రాదా పైన? చిన్నపిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?

మట్టి_మనిషి:
గ్యాస్ లాగేసే ఏర్పాటుందని పైన రాశాను కదా బాబూ. అందరూ ఫొటోల కోసమే వెళ్తారు, ఆ బావుల్ని కూడా ఒకసారి చూపించండి పిల్లలకి.

సువాన్_సిరి:
థాంక్సండీ రవి గారూ, టాక్సీలోనే వెళ్తాం.

హాన్‌గట్టు:
నోయుల్‌కి కూడా బండి ఉంది, ఊరికే చెప్తున్నా.

ఇంచన్_కిరణ్:
నోయుల్ మీద క్యాంపింగ్ ఉందంటున్నారు, కొరియన్ రాకపోతే బుకింగ్ ఎలా? ఎవరైనా చేశారా?