గోల్డెన్ స్టేట్ కిల్లర్ కేసు: చుట్టాల డీఎన్ఏతో నేరస్థుణ్ని వెతకొచ్చా?

తీరం_వాసు: 1970లు, 80లలో కాలిఫోర్నియాను వణికించిన గోల్డెన్ స్టేట్ కిల్లర్ 2018 ఏప్రిల్ 24న దొరికాడు. జోసెఫ్ జేమ్స్ డిఏంజెలో, ఒకప్పటి పోలీసు. 13 హత్యలు చేశానని 2020లో కోర్టులో ఒప్పుకున్నాడు. నేరస్థుల డేటాబేస్‌లో అతని డీఎన్ఏ లేదు. అందుకని 1980 నాటి వెంచురా (కాలిఫోర్నియాలోని ఊరు) హత్యల నమూనాతో డీఎన్ఏ ప్రొఫైల్ తయారుచేసి, జనం తమ వంశవృక్షం కోసం వాడుకునే జెడ్‌మ్యాచ్ సైటులో వెతికారు. దూరపు చుట్టాలు తగిలారు. ఆ చుట్టాలు పోలీసులకు సాయం చేస్తామని ఎప్పుడు ఒప్పుకున్నారు?

రమణ_విజయనగరం: ఒప్పుకోకపోతే ఏం పోయింది? ఎవరైనా వెతుక్కోగల సైటు అది. పోలీసులు మాత్రం కళ్లు మూసుకోవాలా? బాధితులు దాదాపు నలభై ఏళ్లు ఎదురుచూశారు. వాళ్ల ప్రైవసీ సంగతేంటి?

తీరం_వాసు: సైటులో డీఎన్ఏ పెట్టింది ఒకరు, దొరికిపోయేది వంశం మొత్తం. ముత్తాత తండ్రి ఒకరైతే చాలు. 2018లో ‘సైన్స్’ పత్రికలో ఎర్లిక్ బృందం వేసిన లెక్క: యూరోపియన్ మూలాలున్న అమెరికన్లలో సుమారు 60 శాతం మందికి ఇలాంటి డేటాబేస్‌లో ఆ స్థాయి బంధువో, అంతకన్నా దగ్గరివాళ్లో దొరుకుతారు. వాళ్లు స్వయంగా డీఎన్ఏ పరీక్షకు ఉమ్మి ఇవ్వకపోయినా సరే! పైగా 2017లో ఇదే కేసులో, వేరే వంశవృక్షపు సైటు చూసి, ఒరెగాన్ నర్సింగ్ హోమ్‌లో ఉన్న 73 ఏళ్ల పెద్దాయన నమూనా తీసుకున్నారు. ఆయనకు ఏ సంబంధమూ లేదు.

ల్యాబ్_సుధ: వాసు గారూ, అప్పుడు చూసింది తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ మీది డీఎన్ఏ గుర్తులు కొన్నే. జెడ్‌మ్యాచ్‌లో పోల్చేది లక్షల గుర్తుల్ని. రెంటినీ ఒకే గాటన కట్టకండి. ఇంకోటి, వంశవృక్షం పేరు చూపిస్తుందంతే, సాక్ష్యం అవ్వదు. వయసు, ఉన్న ఊళ్లు సరిచూసి డిఏంజెలో దాకా వచ్చాక, ఒక షాపు పార్కింగ్‌లో అతని కారు తలుపు హ్యాండిల్ తుడిచారు, తర్వాత చెత్తలో పడేసిన టిష్యూ తీసుకున్నారు. హత్యల డీఎన్ఏతో కలిశాకే అరెస్టు.

అయితే అనుమతి విషయంలో మీ అనుమానం సబబే. 2019 మేలో జెడ్‌మ్యాచ్, ఒప్పుకున్నవాళ్ల ప్రొఫైల్స్ మాత్రమే పోలీసులకు కనిపించేలా మార్చింది. అదే ఏడాది ఫ్లోరిడా జడ్జి ఒకరు ఇచ్చిన వారెంటుతో ఒప్పుకోనివాళ్ల ప్రొఫైల్స్ కూడా వెతికారు. టిక్కు పెట్టకపోతే సేఫ్ అనుకోవడం భ్రమ. హత్య, అత్యాచారం లాంటి కేసులకే, మిగతా దారులన్నీ మూసుకున్నాకే, జడ్జి అనుమతితోనే వాడాలని చట్టం ఉండాలి. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం 2021లో జడ్జి అనుమతి తప్పనిసరి చేసింది.

రమణ_విజయనగరం: పట్టుబడేనాటికి వాడికి 72 ఏళ్లు. ఈ కాగితాలన్నీ తిరిగేలోపు పోయుంటే?

తీరం_వాసు: అందుకే జడ్జి అనుమతి అనగానే నాకు ధైర్యం రాదు. ఒరెగాన్ పెద్దాయన దగ్గరికి కూడా కోర్టు ఉత్తర్వుతోనే వెళ్లారు సుధ గారూ. తప్పు మనిషి అని తేలాక ఆ నమూనా చెరిపేయాలన్న రూలు కూడా మీ చట్టంలో రాయాలి.